మూయగలిగితేనే కిటికీ

మా పాత ఇంటికి కిటికీ లేదు. మా కొండదొరల ఇళ్లు చాలావరకు అలాగే ఉండేవి. కర్రలు నాటి, వెదురు దబ్బలు అల్లి, మట్టి మెత్తిన గోడలు. పైన గడ్డి కప్పు. వంగితే గాని లోపలికి వెళ్లలేని గుమ్మం. గాలీ వెలుతురూ లేని కొంపలని పైవాళ్లు అనేవారు. మా పెద్దలకు కిటికీ పెట్టడం తెలియక కాదు. పుష్యమాసంలో కొండగాలి ఎలా కోస్తుందో వాళ్లకు తెలుసు. పొయ్యి ఇంట్లోనే ఉండేది. పొగ పైకి లేచి, దూలాలకు వేలాడగట్టిన మొక్కజొన్న కంకులకూ విత్తనాల మూటలకూ తగిలి, గడ్డి సందుల్లోంచి మెల్లగా బయటికి పోయేది. ఆ పొగకు విత్తనం పురుగు పట్టకుండా నిలిచేది. అలాగని ఆ పొగ మంచిదని చెప్పను. మా అమ్మమ్మ కళ్లు ఎప్పుడూ ఎర్రగానే ఉండేవి. కాని ఆ ఇంటికి ఊపిరి తీసుకునే దారి ఒకటుండేది. అది పైకప్పు.

మాది అనకాపల్లి జిల్లాలో, రావికమతం వైపు కొండ అంచున ఉన్న ఊరు. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయినప్పుడు ఏజెన్సీ మండలాలు పాడేరు కేంద్రంగా అల్లూరి సీతారామరాజు జిల్లా అయ్యాయి. షెడ్యూలులో లేని మా గిరిజన గ్రామాలు ఇటువైపు మిగిలాయి. ఏ పనికి ఎవరిని అడగాలో తేలక, చిన్న పనులు మేమే చేసుకోవడం అలవాటైంది. కిటికీల పనీ అలాంటిదే.

గడ్డిల్లు పోయి స్లాబు ఇల్లు వచ్చింది. మూడు కిటికీలు. సిమెంటు చట్రం, నిలువు చువ్వలు, అంతే. రెక్కలు లేవు. కట్టించినవారిని అడిగితే, "అవి మీరు పెట్టుకోవాలి" అన్నారు. గృహప్రవేశం నాడు చూసి అమ్మ ఒకటే మాట అడిగింది. "కిటికీ ఎట్టారు సరే, రాత్రికి దీనికి మూతేదిరా?"

మొదటి చలికాలం గోనెసంచి కట్టాం. వానలకు అది నాని కంపు కొట్టింది. తరవాత ఎరువుల బస్తా. ఆ తరవాత ఎన్నికల ఫ్లెక్సీ. ఏడాదిపాటు ఒక నాయకుడు చేతులు జోడించి మా వంటింట్లోకి చూస్తూ ఉన్నాడు. చివరికి రెండు కిటికీలకు ఇటుకలు పేర్చి మట్టి మెత్తేశాం. మా వీధిలో సగం ఇళ్లవాళ్లు అదే పని చేశారు.

అప్పుడు అసలు కష్టం మొదలైంది. గడ్డికప్పు పొగను వదిలేది, స్లాబు వదలదు. పట్టపగలు ఇంట్లో దీపం కావాల్సి వచ్చింది. అమ్మకు దగ్గు పట్టుకుంది. మూయడానికి వీలులేని కిటికీని ఎవరూ ఎల్లకాలం తెరిచి ఉంచలేరు. చలికో, వానకో, దోమకో, పాముకో భయపడి ఒకరోజు శాశ్వతంగా మూసేస్తారు. రెక్కలు లేకపోతే చివరికి కిటికీయే ఉండదు.

ఇటుకలు తీయించింది నా మేనకోడలు. ఆశ్రమ పాఠశాలలో పదో తరగతి చదువుతోంది. సంక్రాంతి సెలవులకు వచ్చి, పుస్తకం పట్టుకుని గుమ్మంలో కూర్చునేది. లోపల చీకటి. మూడో కిటికీ దగ్గర వెలుతురు ఉంది కదా అంటే, "అక్కడ కూచుంటే దారిన పోయే ప్రతివాడూ చూస్తాడు మామా. బట్టలు మార్చుకోవాలన్నా పక్కింటికి పోతున్నాను" అంది. వచ్చే సెలవులకు హాస్టల్లోనే ఉండిపోతానంది. సొంత ఇంట్లో ఆడపిల్లకు ఒక మూల లేదన్న సంగతి ఆ మాటతో నాకు గట్టిగా తగిలింది.

మా పెరట్లో గాలికి పడిన ముదురు పనసచెట్టు ఉంది. పలకలు కోయించి, మధ్య మధ్య పుల్లలు పెట్టి, నీడలో పేర్చి ఏడాది ఆరబెట్టాం. పచ్చి చెక్కతో చేసిన రెక్క ఎండకు మెలి తిరుగుతుంది, వానకు ఉబ్బి బిగుసుకుంటుంది. పని నేర్పింది కొండకమ్మరి పెద్దాయన ఒకరు. మా వైపు నాగళ్లూ కత్తులూ గొడ్డళ్లూ చేసి ఇచ్చిన కులం వాళ్లది. చీపుళ్లు అమ్మిన డబ్బుతో అనకాపల్లి బజారులో బందులు, గడియలు, కొక్కేలు కొన్నాం.

పెద్దాయన ముందుగా కొలత చూపించారు. కిటికీ వెడల్పు పైన, మధ్యలో, కింద మూడుచోట్లా కొలవాలి. మూడూ ఒకటిగా ఉండవు. తక్కువదాన్నే లెక్కలోకి తీసుకోవాలి. రెక్కకూ చట్రానికీ మధ్య చుట్టూ మూడు మిల్లీమీటర్ల సందు వదలాలి; వానాకాలం చెక్క ఉబ్బుతుంది. సిమెంటు చట్రానికి మర నిలవదు. అందుకని బయటివైపు చుట్టూ చెక్కపట్టీ పెట్టి బోల్టులతో బిగించి, ఆ పట్టీకి బందులు కొట్టాం. చువ్వలు అడ్డం కాబట్టి రెక్కలు బయటికే తెరుచుకోవాలి. గాలికి కొట్టుకోకుండా గోడకు కొక్కెం ఉండాలి. రెండు రెక్కలు కలిసేచోట ఒకదాని అంచు ఇంకోదాని మీదికి వచ్చేలా మెట్టు తీశాం. జల్లు లోపలికి రాదు.

గాలివాన మాట కూడా చెప్పాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరం దాటినప్పుడు గాలి వేగం గంటకు దాదాపు 180 కిలోమీటర్లు. రేకుల ఇంట్లోకి తెరిచి ఉన్న కిటికీ నుంచి గాలి దూరితే, అది లోపల నిండి కప్పును పైకి నెడుతుంది. పైన పోయే గాలి అదే కప్పును పైకి లాగుతుంది. రెండూ కలిస్తే రేకు నిలవదు. గట్టి రెక్కలు గాలివైపు కిటికీకి మరీ అవసరం.

ఇప్పుడు పొద్దున్నే అమ్మ మూడు కిటికీలూ తెరుస్తుంది. దోమలు రాకముందే, పొద్దు గుంకే వేళకు మూస్తుంది. పొయ్యిని వెనక పాకలోకి మార్చాం. కంకులూ అక్కడే వేలాడుతున్నాయి. మేనకోడలు వేసవి సెలవులకు వచ్చి నెలన్నర ఉంది. ఆమె గది గడియ ఆమె చేతిలోనే ఉంది.

యువతకు ఒక మాట. 2023 నవంబరు 15న మొదలైన పీఎం జన్‌మన్ పథకంలో కోందులు, గదబలు, పోర్జలు వంటి ఆదిమ తెగలకు ఇంటికి 2 లక్షల రూపాయలు కేటాయించారు. మీ ఊళ్లో ఇళ్లు లేస్తుంటే గోడ నడుమెత్తు దాటకముందే వెళ్లి కిటికీ చట్రాలు చూడండి. బందులు పట్టే చట్రం అడగండి. తరవాత పట్టీలు బిగించడం రెట్టింపు పని. ఊరికి ఇద్దరు కుర్రాళ్లు చిత్రిక పట్టడం, బందు బిగించడం నేర్చుకుంటే చాలు.

ఉపాధ్యాయులకు ఒక మనవి. సెలవుల్లో ఇచ్చిన హోంవర్కు పిల్ల చేసుకురాకపోతే, ఒకసారి వాళ్లింటికి వెళ్లి పగటిపూట లోపల కూర్చోండి. అక్షరం కనబడుతుందో లేదో చూడండి. ఆ తరవాత పిల్లతో మాట్లాడండి.