మంత్రాలయపు దారిలో ఒక వానదినము

వానలు తక్కువైన సీమలో వానకై ఎదురుచూచువారే గాని వానను తిట్టువారుండరు. గత భాద్రపదమాసమున సైకిళ్లపై మంత్రాలయమునకు పోవుచు మేమీ సంగతిని ఒక దినమంతయు తడిసి తెలిసికొంటిమి.

మేము నలుగురము స్నేహితురాండ్రము. ఇద్దరు బడిలో చదువు చెప్పువారు, ఒకరు బ్యాంకులో పనిచేయువారు. నాలుగవ ఆమె గృహిణి, ఏబదియేండ్లు దాటినది, మాకందరకు అక్కయ్య. కూతురికి సైకిలు నేర్పబోయి నలువది రెండవ యేట తానును నేర్చుకొన్నది. అనంతపురమున బయలుదేరి గుత్తిలో ఒక రాత్రి, ఆదోనిలో ఒక రాత్రి ఉండి, మూడవనాటికి మంత్రాలయము చేరవలెనని మా సంకల్పము. ఇంటివారు పెట్టిన షరతు ఒక్కటే: ప్రతిదినమును చీకటి పడకమునుపే గమ్యము చేరి ఫోను చేయవలెను. ఈ యాత్ర సరిగా ముగిసినచో వచ్చే యేడు అక్కయ్య కూతురు గూడ మాతో రావచ్చును. లేనిచో ఆ మాట మరల ఎత్తుటకు వీలులేదు. కనుక మా చక్రములతోబాటు ఆ పిల్ల కోరికయు దొరలుచుండెను.

ఆదోనిలో తెల్లవారునప్పటికి కోటకొండలపై మబ్బు దిగియుండెను. ఒక చిన్న హోటలులో వేడివేడి ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు తిని కదలితిమి. ఇక ముందున్నది సుమారు 50 కిలోమీటర్లు. దారి పొడవునను ప్రత్తి, కొఱ్ఱ, ఉల్లిచేలు. చినుకు మొదలైనను మా ఉత్సాహము తగ్గలేదు. రెండు గంటలలో ఎమ్మిగనూరు చేరితిమి.

ఎమ్మిగనూరు నేతపని కూడు పెట్టిన ఊరు. మాచాని సోమప్పగారి పూనికతో 1938లో ఇచట చేనేతకారుల సహకార సంఘము వెలసినది; ఆయనకు 1954లో పద్మశ్రీ బిరుదు లభించినది. మేము టీ త్రాగినచోట ఒక నేతగాని ఇల్లాలు ఆకాశమువంక చూచి నిట్టూర్చెను. వీధిలో పడుగు చాచి గంజి పెట్టుటకు ఎండ కావలెను గదా. వాన పట్టిన దినమున ఆ పని సాగదు. ప్రక్కనే కూర్చున్న రైతుమాత్రము "ఇంకా రెండునాళ్లు కురవాల" అని సంతోషించుచుండెను. ఒకే వాన ఒకరి పని ఆపి మరియొకరి పంట నిలుపుచున్నది.

ఊరు దాటిన పిమ్మట వాన కుండపోతయైనది. లారీలు చిమ్ము నీటికి జడిసి, ఒక బండిబాట కనబడగా అడ్డముగా పోవుదమని దిగితిమి. అదియే మా తెలివితక్కువ. ఆ నేల నల్లరేగడి. ఎండకు నెఱ్ఱెలిచ్చు ఆ మన్ను తడిసిన బంకవలె పట్టును. నూరు గజములు పోకముందే చక్రములకును బురదరేకులకును నడుమ మన్ను కూరుకొని సైకిళ్లు కదలక నిలిచినవి. చెప్పులు చేతబట్టి, పుల్లలతో గోకుచు, మోయుచు, నెట్టుచు ఒక్క కిలోమీటరు గడచుటకు గంట పట్టినది. తిరిగి తారురోడ్డెక్కిన తరువాత గూడ చక్రపుటంచులు తడిసినందున బ్రేకులు సరిగా పట్టలేదు. వానలో పోవు సోదరీమణులు ముందుబండికి రెట్టింపు దూరమున నుండవలెనని మేమప్పుడు నేర్చుకొంటిమి.

మూడు గంటలవేళ ఒక వాగు అడ్డమైనది. రోడ్డుమీదుగా ఎఱ్ఱని నీరు వడిగా పారుచుండెను. లోతు మోకాలికి మించదని తోచెను. మా కన్నులయెదుటనే ఇద్దరు కుఱ్ఱవాండ్రు మోటారుసైకిలుపై దాటిపోయిరి. మాలో ఇద్దరు దాటుదమనిరి; ఆగినచో చీకటి పడును, షరతు తప్పును. అక్కయ్యకు తొందర అందరికంటె ఎక్కువగా నుండవలసినది. ఆమె మాత్రము కదలక నీటివంకనే చూచుచు, "క్రింద రోడ్డున్నదో లేదో కనబడుటలేదు గదే" అనెను.

ఇంతలో గొఱ్ఱెలను తోలుకొనివచ్చు ఒక అవ్వ మమ్ము కేకవేసెను. "యాడికి పోతాండారమ్మా? నీళ్లు తగ్గేదాకా ఆగండి. వాగు ఎవురి మాటా ఇనదు."

వాదము ముగిసినది. ఆ రాత్రి అవ్వ ఇంటనే ఉంటిమి. ఆమె పొయ్యిప్రక్కన మా బట్టలు ఆరవేసి, జొన్నరొట్టెలు చేసి, వేరుసెనగ పచ్చడితో పెట్టెను. "మీరు తడిసినారని బాధపడొద్దు తల్లీ. మా చెనిక్కాయలకు ఊపిరొచ్చింది" అని నవ్వెను. ఆమె మనుమరాలు ప్రక్కయూరి బడికి సైకిలుమీదనే పోవునట. తమిళనాటి పుదుక్కోటలో 1990 తరువాతి అక్షరోద్యమమున వేలాది పల్లెపడుచులు సైకిలు నేర్చుకొని, నీళ్లకును పనులకును స్వేచ్ఛగా తిరిగిన కథను మేము చెప్పగా ఆ పిల్ల చెవులు రిక్కించి వినెను.

అక్కయ్య ఇంటికి ఫోను చేసి ఉన్నదున్నట్లు చెప్పెను: "అత్తయ్యా, ఈ రాత్రికి చేరలేము. వాగు వచ్చినది. ఆగితిమి." అవతల కొంతసేపు మాట లేదు. పిమ్మట ఆ పెద్దామె, "నలుగురును ఒక్కచోటనే ఉన్నారా? అన్నము తిన్నారా?" అని మాత్రమే అడిగెను. మరునాటి సంగతి, మరుసటి యేటి సంగతి ఎవరును ఎత్తలేదు.

తెల్లవారి చూచితిమి గదా, వాగు చీలమండలలోతున పారుచుండెను. నడుమ రోడ్డంచు ఒక బారెడుమేర కొట్టుకొనిపోయి గుంటయైనది. మేము పోవుదమనుకొన్న ప్రక్క అదియే. ఎవరమును మాటాడక సైకిళ్లు నడిపించుకొని రెండవప్రక్కగా దాటితిమి.

మంత్రాలయము చేరునప్పటికి ప్రొద్దు బాగుగా ఎక్కినది. శ్రావణ బహుళమున జరుగు ఆరాధనల సమ్మర్దము ముగిసినందున వీధులు తీరికగా నుండెను. ముందు గ్రామదేవత మంచాలమ్మకు మ్రొక్కి, 1671లో రాఘవేంద్రస్వామి ప్రవేశించిన బృందావనమును దర్శించి, తుంగభద్ర యొడ్డున కూర్చుంటిమి. ఆవలి యొడ్డు కన్నడదేశము. ఎఱ్ఱనీరు మెల్లగా పోవుచుండెను. ఈ నదియే 2009 అక్టోబరు మొదటి దినములలో పొంగి మఠమును, ఊరిని ముంచినది. అంత పెద్ద యేటిని చూచి భయపడని వారుండరు. చిన్నవాగును చూచి భయపడువారే అరుదు.

మేము షరతు తప్పితిమి. ఒక్కదినము ఆలసించి చేరితిమి. కాని నలుగురము బయలుదేరి నలుగురమును చేరితిమి. ఇల్లు చేరిన మరునాడు అక్కయ్య అత్తగారు మనుమరాలిని పిలిచి అడిగినదట: "వాగు వచ్చిన ఆగుదువా?" ఆ పిల్ల ఆగుదుననెను. ఆమె సైకిలుకు క్రొత్త టైర్లు వేయించిరని నిన్ననే అక్కయ్య చెప్పినది.