మాంగోలో ఒక పెరటి కొలిమి

జంషెడ్‌పూర్‌లో సాక్చీ నుంచి వంతెన దాటితే మాంగో. కింద సువర్ణరేఖ. ఇవతలి ఒడ్డున టాటా ఉక్కు కంపెనీ ఊరు: వరస క్వార్టర్లు, చెట్లు, వేళకు వచ్చే కుళాయి నీళ్ళు. అవతలి ఒడ్డున ఆ వరస కనిపించదు. కంపెనీ గీసిన పటంలో లేని ఊరు మాంగో. క్వార్టరు దొరకనివాళ్ళు, రిటైరై క్వార్టరు ఖాళీ చేసినవాళ్ళు, కాంట్రాక్టు పనుల మీద బతికేవాళ్ళు తలో గది కట్టుకుంటూ పోతే ఊరైంది. వాళ్ళలో మనవాళ్ళూ ఉన్నారు. శ్రీకాకుళం, విశాఖపట్నం వైపు నుంచి ఉక్కు పనికి వచ్చిన కుటుంబాలు జంషెడ్‌పూర్‌లో తరాలుగా ఉంటున్నాయి. బిష్టుపూర్‌లో వాళ్ళు కట్టుకున్న రామమందిరం ఉంది.

నేను వెళ్ళింది డిమ్నా రోడ్డు నుంచి చీలిన ఒక సందులోని ఇంటికి. ఆ ఇంటి తాతగారు ప్లాంటులో పనిచేసి రిటైరయ్యారు. మనవడు ఆదిత్యపూర్‌లో ఒక చిన్న వర్క్‌షాపులో లేత్ మీద పనిచేస్తాడు. ఆదివారాలు పెరట్లో కొలిమి రాజేస్తాడు. కమ్మరం వాళ్ళ వంశంలో లేదు. "ఏటి బావూ, ఈడి తుక్కు చూడ్డానికి అంత దూరం నించి వొచ్చేరా?" అంది వాళ్ళమ్మ టీ గ్లాసు అందిస్తూ. ఇంట్లో యాస ఇంకా సిక్కోలుదే. అబ్బాయి మాత్రం సగం హిందీ కలిపి మాట్లాడతాడు, నన్ను అంకుల్ అంటాడు.

తాతగారు కుర్చీ పెరటి గుమ్మంలోకి లాక్కున్నారు. కరిగిన ఇనుము ఏళ్ళ తరబడి చూశాను గానీ సుత్తి పట్టి ఒక్క మేకు కూడా చెయ్యలేదు అన్నారు. ఆయన తప్పేముంది? అంత పెద్ద ప్లాంటులో ఎవరి చెయ్యి దేని మీద ఉంటుందో అదే వాళ్ళకు తెలుస్తుంది. 1907లో కంపెనీ పుట్టింది, 1912 ఫిబ్రవరి 16న మొదటి ఉక్కు దిమ్మ పోశారు. అప్పట్నుంచీ ఈ ఊళ్ళో ఉక్కు టన్నుల్లోనే మాట్లాడుతుంది. కిలోల్లో మాట్లాడే ఉక్కు కావాలంటే వంతెన దాటి ఇటు రావాలి.

కొలిమిని చూడగానే నవ్వొచ్చింది. ఒక చిన్న లోడు బండి బ్రేకు డ్రమ్ము వెల్లకిలా పడుకుని ఉంది. దాని నడిమి కంతలో చిల్లుల రేకు, కింద నల్ల ఇనప పైపు, పైపుకి చేత్తో తిప్పే బ్లోయరు. నాలుగు యాంగిల్ ముక్కలు కాళ్ళు. తిత్తి లేదు, తిత్తి ఊదే మనిషీ లేడు. డ్రమ్ము పోత ఇనుము. సుత్తితో కొడితే సాగదు, పగులుతుంది. కొట్టడానికి పనికిరానిది నిప్పు పట్టుకోవడానికి మాత్రం చక్కగా పనికొస్తుంది. వేడికి వంగదు, గిన్నెలా లోతుంటుంది.

దాగలి ఇంకా చిత్రం. లారీ వెనక ఇరుసులోంచి తీసిన షాఫ్టు ఒకటి, చక్రానికి బిగించే గుండ్రటి అంచు పైకి ఉండేలా సిమెంటు పోసిన డబ్బాలో నిలబెట్టాడు. ఆ అంచు మీదే కొడతాడు. వెడల్పు అరచేయంత. అంత చాలా అని అడిగితే, సుత్తి మొహం ఎంత ఉంటుందో చూడమన్నాడు. నిజమే. దెబ్బ పడేది ఒక్కచోటే, దాని కింద ఎంత బరువు నిటారుగా ఉందన్నదే లెక్క. బజారులో కొత్త దాగలి కొనాలంటే నెల జీతం పోతుంది. ఇది తుక్కు ధరకి వచ్చింది.

రైలు పట్టా ముక్క ఎందుకు తెచ్చుకోలేదు? ఇంటి కొలిమి పెట్టుకునేవాళ్ళు ప్రపంచమంతా మొదట వెతికేది అదే. మన పట్టాలు మీటరుకి 52 కిలోలు, 60 కిలోలు తూగుతాయి. అడుగు ముక్కే 16 నుంచి 18 కిలోలు. కార్బన్ 0.6 నుంచి 0.8 శాతం దాకా ఉండి గట్టిగా నిలుస్తుంది. టాటానగర్ లాంటి పెద్ద స్టేషనున్న ఊళ్ళో పట్టా ముక్క కంటపడకుండా ఉండదు. అబ్బాయి చెవులు పట్టుకున్నాడు. 1966 నాటి రైల్వే ఆస్తుల చట్టం కింద, దొంగసొత్తుగా అనుమానం తగిలే రైల్వే సామాను ఎవరి దగ్గర దొరికితే వాళ్ళే అది తమకు సక్రమంగా వచ్చిందని చూపించుకోవాలి. లేకపోతే అయిదేళ్ళ దాకా జైలు. వేలంలో కొన్న రసీదు లేని పట్టాని మర్యాదగల కబాడీవాడెవడూ ముట్టుకోడు. దాన్ని పెరట్లో పెట్టుకుని రోజూ ఖణేల్ ఖణేల్మని మోగించడం ఎందుకు మరి?

హైవే పక్కన లారీ షెడ్లు, వాటి వెనక కబాడీ దుకాణాలు. అబ్బాయితో అక్కడికి వెళ్ళాక గానీ నాకు ఈ విద్య ఎక్కడుందో తెలియలేదు. నేను సుత్తి చూద్దామని వచ్చాను. అతని పని సగానికి పైగా సుత్తి పట్టుకోకముందే అయిపోతోంది.

ఇనప కడ్డీ తీశాడు, పక్కన పెట్టాడు. ఇల్లు కట్టే కడ్డీలో కార్బన్ 0.3 శాతం మించదు. ఎంత కాల్చి ముంచినా దానికి పదునెక్కదు, మేకులకీ కొక్కేలకీ పనికొస్తుంది. నీళ్ళ పైపులు తీశాడు, మెరుపు చూసి విసిరేశాడు. జింకు పూత ఉన్న ఇనుము నిప్పులో పెడితే తెల్లటి పొగ లేస్తుంది. అది పీల్చినవాడికి సాయంత్రానికి చలి, జ్వరం, ఒళ్ళునొప్పులు. నిగనిగలాడే క్రోము పూతదీ అదే దారి, దాని పొగ ఇంకా చెడ్డది. బండి షాక్ అబ్జార్బరు రాడ్డు మంచి ఉక్కే, గానీ లోపల గ్యాసు, నూనె బిగించి ఉన్న గొట్టాన్ని నిప్పులో పెట్టడమంటే బాంబు పెట్టడమే. పాత ఆకురాళ్ళు కనిపిస్తే మాత్రం జేబులో వేసుకుంటాడు. వాటిలో కార్బన్ ఒక శాతం దాటి ఉంటుంది. ఉలి చేస్తే కొరుకుతుంది. బేరింగు చట్రం కూడా ఒక శాతం కార్బన్‌దే, పైగా క్రోమియం కలిసింది. దాని జోలికి ఇప్పుడే పోనన్నాడు. సుత్తి కింద మొండికేస్తుందట, వేడి కాస్త ఎక్కువైనా తక్కువైనా పగులుతుందట.

అతను వెతికేది కమాను పట్టీలు. లారీ బరువు మోసే ఆ ఉక్కులో కార్బన్ 0.55 నుంచి 0.65 శాతం, కొంచెం సిలికాన్, మాంగనీసు, ఒక్కోసారి క్రోమియం. మన కమ్మరులు గొడ్డళ్ళూ కొడవళ్ళూ చేసేదీ ఎక్కువగా దీనితోనే. కబాడీవాడికీ ఆ సంగతి తెలుసు కాబట్టి మామూలు తుక్కు కంటే దీనికి నాలుగు రూపాయలు పైనే చెబుతాడు. ఇందులోనూ మెలిక ఉంది. విరిగిపోయి వచ్చిన కమానులో విరిగిన చోటొక్కటే కాదు, కంటికి కనపడని పగుళ్ళు పక్కపక్కన ఇంకా ఉంటాయి. కొలిమిలోంచి తీసి రెండు దెబ్బలు వేశాక అవి నోరు తెరుస్తాయి. అందుకని విరగకుండా, కట్ట మార్చినప్పుడు దిగిపోయిన పట్టీలు అడిగి తీసుకుంటాడు. చివర పట్టుకుని వేలాడదీసి సుత్తితో తట్టాడు. గంటలా మోగినదాన్ని ఉంచుకున్నాడు, బొంగురుగా పలికినదాన్ని తిరిగి కుప్పలో వేశాడు.

అనుమానం ఉన్న ముక్కని గ్రైండరు చక్రానికి ఆనించి నిప్పురవ్వలు చూపించాడు. మెత్తటి ఇనుము రవ్వలు పొడుగ్గా, పసుపుగా, పెద్దగా చీలకుండా పోతాయి. కార్బన్ ఎక్కువైన కొద్దీ తెల్లగా, పొట్టిగా, చివర కాకరపువ్వొత్తిలా చిట్లుతాయి. పోత ఇనుముది మసక ఎరుపు, చక్రం దగ్గరే ఆరిపోతుంది. దుకాణం యజమాని, ఆజాద్‌నగర్ చాచా, చూస్తూ కూచున్నాడు. ఆయనకి గ్రైండరు అక్కర్లేదు. ముక్క చేతిలోకి తీసుకుని, ఏ బండిది, ఏ భాగమో చెబుతాడు. భాగం తెలిస్తే ఉక్కు తెలిసినట్టే గదా. బడిలో చదివిన లోహశాస్త్రం ఆయన దగ్గర దిగదుడుపు. నాకు మాత్రం ఆ కుప్పలో తుప్పు తప్ప ఇంకేమీ కనిపించలేదు.

ఈ ఎంపిక విద్య కొత్తదేమీ కాదు. నిర్మల్‌కు దగ్గర్లోని కోనసముద్రంలో మూసల్లో ఉక్కు చేసే పద్ధతిని 1820ల్లో హెన్రీ వాయిసీ అనే ఆంగ్లేయుడు చూసి రాశాడు. అక్కడివాళ్ళు ఒకే ఇనుముతో సరిపెట్టుకోలేదు. రెండు చోట్ల నుంచి రెండు రకాల ఇనుము తెప్పించి పాళ్ళు చూసి కలిపేవారు. ఆ ఉక్కుని కొనడానికి పర్షియా వర్తకులు ఆ ఊరి దాకా వచ్చేవారు. ఏ ఇనుము ఎక్కడిదో తెలియడమే అక్కడా సగం పని.

ఇంటికొచ్చి కొలిమి రాజేశాడు. ఝరియా గనులు దూరమేమీ కాదు, రాక్షసి బొగ్గు ఈ ఊళ్ళో చవక. అయినా అతను వాడేది కట్టె బొగ్గు, తందూరీ హోటళ్ళకి వేసేవాడి దగ్గర బస్తాల్లెక్కన కొంటాడు. త్వరగా అయిపోతుంది, గానీ పొగ రాదు. రాక్షసి బొగ్గు అంటుకునేటప్పుడు వచ్చే పసుపుపచ్చ పొగకి పక్కింటివాళ్ళు మేడ మీద బట్టలు తీసుకుని దెబ్బలాటకి వచ్చారట. జార్ఖండ్‌లో ఈ తగవు చాలా పాతది. నేతర్‌హాట్ కొండల వైపు తరతరాలుగా ఇనుము కరిగించిన అసురుల గురించి ముండాలు చెప్పుకునే కథ ఒకటుంది. అసురులు రాత్రింబగళ్ళు కొలుములు మండిస్తుంటే ఆ సెగకి పైనున్న సింగ్‌బొంగా దేవుడు కూడా నిలవలేకపోయాడట. పక్షులని రాయబారం పంపాడు, వాళ్ళు వినలేదు. చివరికి ఆ కొలిమిలోనే వాళ్ళని కాల్చేశాడని కథ. మాంగో పక్కింటివాళ్ళు అంతకంటే నయం.

వాళ్ళమ్మ చాన్నాళ్ళుగా కత్తిపీట అడుగుతోందట. ఇక్కడ బజారులో దొరికే పహ్సుల్ దాదాపు అదే పనిముట్టు గానీ ఆవిడకి వంపు నచ్చలేదు. కమాను పట్టీ ముక్క నారింజ రంగుకి వచ్చింది. పట్టకారుతో తీసి దాగలి మీద పెట్టి కొట్టడం మొదలెట్టాడు. లోపల అంచు పలచబడే కొద్దీ పట్టీ దానంతటదే వీపు వైపు వంగబోతుంది. ఆ వంపుని ముందే లెక్కేసి ఎదురు దిక్కున వంచి పెట్టుకోవాలి. ఎరుపు మసకబారితే ఆపి మళ్ళీ నిప్పులో పెడతాడు. చల్లబడ్డ ఉక్కు మీద పంతానికి కొడితే పగులుతుంది. ఈ ఆగడం, పెట్టడం, తిప్పడం మధ్యాహ్నమంతా సాగింది. చూసేవాడికి విసుగే. తాతగారు కునుకు తీశారు.

పదును పెట్టేటప్పుడు అందరం లేచి దగ్గరకొచ్చాం. ఒక తీగకి అయస్కాంతం కట్టి ఉంది. ఉక్కు 770 డిగ్రీల దగ్గర అయస్కాంతానికి అంటుకోవడం మానేస్తుంది. అక్కణ్ణించి ఇంకాస్త వేడెక్కనిచ్చి, గోరువెచ్చగా ఉంచిన నూనె డబ్బాలో నిటారుగా ముంచాడు. నీళ్ళలో ముంచితే కమాను ఉక్కు పగిలే ప్రమాదం ఉంది. ఇంజను నూనె చవకే గానీ దాని పొగ మంచిది కాదని వంట నూనె వాడతాడు. పెరడంతా బజ్జీల బండి వాసన. తీసి ఆకురాయితో గీస్తే ఆకురాయి జారిపోయింది, గీటు పడలేదు. అంత గట్టి ఉక్కు కింద పడితే గాజులా ముక్కలవుతుంది. అందుకని ఇంట్లో కేకుల ఓవెన్‌లో 200 డిగ్రీల దగ్గర గంటసేపు పెట్టాడు. బయటికొచ్చేసరికి రుద్దిన చోట ఎండుగడ్డి రంగు తేలింది. దాన్నే 300 దాకా పోనిస్తే నీలం, అది స్ప్రింగులకు సరిపడే మెతకదనం. కూరగాయలకు గడ్డిరంగు చాలు. "ఇంకోసారి నా ఓవెనులో ఇనుం పెట్టేవంటే చూడు" అంది వాళ్ళమ్మ, కత్తిపీట చేతుల్లోకి తీసుకుంటూనే.

పొరుగు కుర్రాళ్ళు కత్తులు చేసిపెట్టమని అడుగుతారట. అతను చెయ్యడు. 9 అంగుళాల పొడవో 2 అంగుళాల వెడల్పో దాటిన కత్తి ఆయుధాల నిబంధనల కిందికి వస్తుంది. ఇంటికీ పొలానికీ చేసినవాటికి మినహాయింపు ఉంది. గొడ్డళ్ళు, కొడవళ్ళు, కత్తిపీటలు, ఉలులు: ఇంతవరకే.

మర్నాడు డ్యూటీకి వెళ్ళేముందు, తను చేసిన గొడ్డలి ఒకదాన్ని సంచిలో వేసుకుని దల్మా కొండల వైపు పల్లెలో ఒక ముసలి కమ్మరి దగ్గరకు నన్ను తీసుకెళ్ళాడు. కామార్ దాదా అంటారు ఆయన్ని. నేల మీద కూచునే పనిచేస్తాడు, ఎదురుగా మనవరాలు బ్లోయరు తిప్పుతోంది. గొడ్డలి తీసుకుని అంచు మీద గోరు ఆనించి చూశాడు, తల ఊపాడు. తర్వాత కామ దూర్చే కన్నంలోంచి ఆకాశం వైపు చూసి నవ్వాడు. కన్నం వంకర. కామ తొడిగితే దెబ్బ పక్కకి పోతుంది. అంచు కొట్టడం ఎవరైనా నేర్చుకుంటారు, కన్నం తిన్నగా రావాలంటే దాన్ని సాగదీసే ములుకు సరైనది ఉండాలి, అది దేనితో చేశావు అని అడిగాడు. కడ్డీ ముక్కతో అన్నాడు అబ్బాయి. ముసలాయన లేచి గోడవార తుక్కు కెలికి, రాళ్ళు తొలిచే యంత్రానిది విరిగిన ములుకు ఒకటి తీశాడు. ఎర్రటి వేడిలో కూడా వంగదన్నాడు. అబ్బాయి దణ్ణం పెట్టి సంచిలో వేసుకోబోతుంటే ఆపి, త్రాసు తీసి, తూచి, డబ్బులు తీసుకుని మరీ ఇచ్చాడు.