మూలన నిలబడ్డ రామూ

1989 చివర్లో 'మైనే ప్యార్ కియా' విడుదలయ్యాక దేశమంతా సల్మాన్ ఖాన్ పేరు మార్మోగింది. అదే సినిమాలో పనివాడు రామూగా కనిపించిన దిలీప్ జోషీని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 1994లో 'హమ్ ఆప్‌కే హై కౌన్'లో భోలా ప్రసాద్‌గా నవ్వించినా రాత మారలేదు. గుజరాతీ నాటకాలు, చిన్నాచితకా వేషాలతోనే ఏళ్లు గడిచాయి. ఒక దశలో ఏడాదిపాటు చేతిలో పనే లేదని ఆయనే చెప్పుకున్నారు.

2008 జూలైలో సబ్ టీవీలో 'తారక్ మెహతా కా ఉల్టా చష్మా' మొదలయ్యేనాటికి ఆయనకు 40 ఏళ్లు. ఎలక్ట్రానిక్ వస్తువుల వ్యాపారి జేఠాలాల్ చిక్కుల్లో పడి, మింగలేక కక్కలేక చూసే చూపు ఇంటింటికీ చేరింది. సీరియల్ 4,000 ఎపిసోడ్లు దాటింది.

ఆ చూపు రాత్రికి రాత్రి వచ్చింది కాదు. డైలాగులు తక్కువున్న వేషంలో నటుడికి మిగిలేది ఎదుటివాడి మాట విని, ముఖంతో బదులివ్వడమే. వెండితెర ఆ పనికి రెండు నిమిషాలిచ్చింది, బుల్లితెర రోజూ అరగంట ఇచ్చింది. ఆ ఖాళీ ఏడాదిలో విసిగిపోయి నటన మానేసి ఉంటే, రామూ వేషం వేసిందెవరో ఈరోజు ఎవరూ అడిగేవారు కాదు.