బేతాళుడు మాట్లాడని కథ

2020 మే 24, రంజాన్ నెలలో ఆఖరి ఉపవాసం. లాక్‌డౌన్ కారణంగా వీధులు నిర్మానుష్యంగా ఉన్నవి. ఇఫ్తార్ ముగిసిన పిమ్మట మా ఇంట అందరమూ కూర్చుండి, ఆనాడే నెట్‌ఫ్లిక్స్‌లో విడుదలైన ‘బేతాల్’ అనే నాలుగు భాగాల సిరీస్ చూచాము. పాత చందమామ సంచికలలో విక్రమార్కుని భుజంపై వ్రేలాడిన బేతాళునితో పెరిగినవారము గనుక, ఆ పేరే మమ్ము ఆకర్షించింది.

ఇతివృత్తం సామాన్యమైనది కాదు. రహదారి కోసం మూతపడిన పాత సొరంగాన్ని తెరవాలి. వద్దన్న గిరిజనులకు నక్సలైట్లన్న ముద్ర వేసి పోలీసు దళం ఊరు ఖాళీ చేయిస్తుంది. సొరంగం తెరువగానే, సిపాయిల తిరుగుబాటు కాలం నాటి ఎర్రకోటు ఆంగ్ల సైనికుల శవాలు తుపాకులతో లేచి వస్తాయి. నాటి తెల్లదొర, నేటి కంట్రాక్టరు ఒకే సొరంగం ముందు నిలవడం ఎంత చక్కని ఊహ! కాని కాల్పులు మొదలైనది మొదలు ఊరు కోల్పోయినవారి గోడు వెనుకకు పోయింది. మిగిలినది పరుగులు, అరుపులు, నడుమ సుదీర్ఘమైన సంజాయిషీలు.

“తలుపు బయట చావు నిలుచుంటే ఇంతసేపు ఎవరైనా మాట్లాడుకుంటారా, బేటా?” అన్నారు మా నానీమా.

ఆమె జిన్నులను నమ్మని మనిషి కారు. బిస్మిల్లా అనకుండా మోరీలో వేడినీళ్ళు పోయరాదనీ, కంటికి కనిపించని జీవి కాలుతుందనీ ఆమె నేటికీ అంటారు. కళాశాలలో విజ్ఞానశాస్త్రం చదివిన మేము ఆ మాటను వాదించి త్రోసివేయగలము. అయినా వేడి గిన్నె చేతబట్టినప్పుడు మా పెదవులు వాటంతట అవే కదులుతాయి.

‘బేతాల్’లోనూ పసుపు, ఉప్పు, బూడిద కలిపిన రక్షణ ఒకటి ఉన్నది. వంటింటి వస్తువులు కావడం దోషం కాదు. అవి ఎవరి జీవితంలోనూ ముందునుండి ఉన్నట్లు మాకు తోచలేదు. ఆపద ముంచుకొచ్చినప్పుడు రచయిత జేబులోనుండి తీసి ఇచ్చినట్లున్నది. చందమామ బేతాళుడు అలా కాదు. సమాధానం తెలిసియు చెప్పకుంటే రాజు తల పగులుతుంది. చెప్పితే శవం తిరిగి చెట్టెక్కుతుంది. ఆ నియమం మొదటనే చెప్పబడింది, రాజుకు తప్పించుకొనే దారి లేదు. లక్నోలో 1883 నుండి అచ్చైన ఉర్దూ ‘తిలిస్మె హోష్‌రుబా’లో ఎన్ని మాయలో! అయినా మాయాలోకాన్ని ఛేదించేవాడెవడో ముందే నిర్ణయమై ఉంటుంది. ఆ పాత కథకులకు ఈ జాగ్రత్త ఎవరు నేర్పారో గాని, మన పెద్దలు రాత్రంతా మేలుకొని విన్నది ఊరకే కాదు.

విచిత్రమేమంటే, ‘బేతాల్’ను రూపొందించిన పాట్రిక్ గ్రాహమే 2018లో ‘గూల్’ అనే మూడు భాగాల సిరీస్ తీశారు. అరబ్బు జానపద గాథల పిశాచమది. అందులో రాధికా ఆప్టే ధరించిన నిదా రహీం, దేశభక్తి అనుకొని కన్నతండ్రినే ప్రభుత్వానికి పట్టిస్తుంది. పిశాచం రాకముందే ఆ ఇంటిలో జరుగరానిది జరిగిపోయింది. ఆ తరువాత మనుషుల ముఖాలు తొడుగుకొని, వారు దాచిన నేరాలను తవ్వే జీవి కనిపిస్తే మేము ఒక్క ప్రశ్నయినా వేయలేదు. ఆ రాత్రి నాన్నగారు మంచినీళ్ళడిగితే, వారి ముఖం చూడకుండానే గ్లాసు అందించి వచ్చాము.

ఈ యేడు కళాశాల వార్షికోత్సవానికి మేమొక జిన్ను నాటిక వ్రాశాము. మొదటి రిహార్సల్‌లో జిన్ను ప్రవేశించగానే మిత్రులందరూ పకపక నవ్వారు. కోపం వచ్చిన మాట నిజమే. ఇంటికి వచ్చి ప్రతి తిరగవేస్తే, ముసలి కాపలాదారు తన సొంత మనుమనికి, ఆ ఇంటనే పుట్టిపెరిగిన వానికి, జిన్ను చరిత్రను రెండు పుటల నిండా బోధిస్తున్నాడు. ఆ రెండు పుటలూ కొట్టివేశాము. ఇప్పుడతడు ఏమీ చెప్పడు. వేడినీళ్ళ గిన్నెతో మోరీ దగ్గరకు వెళ్ళి, ఒక్క క్షణం ఆగి, పెదవులు కదిపి, నీళ్ళు పోస్తాడు. మనుమడు చూస్తూ ఉంటాడు.

నిన్నటి రిహార్సల్‌లో ఆ ఘట్టం వద్ద ఎవరూ నవ్వలేదు.