భద్రాచలం బిస్కెట్టు వెనక చేతులు

ఖమ్మం నుంచి కొత్తగూడెం, పాల్వంచ దాటి సారపాక చేరి, గోదావరి వంతెన ఎక్కితే ఎదురుగా భద్రాచలం. బస్సు దిగినవాళ్లంతా రామయ్య గుడి దారి పట్టారు. నేను ఐటీడీఏ (సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ) వైపు నడిచాను. ఇక్కడి గిరిజన మహిళలు చిరుధాన్యాలతో బిస్కెట్లు చేస్తున్నారని విన్నప్పటి నుంచీ ఆ పని కళ్లారా చూడాలని ఉంది. ‘భద్రాద్రి మిల్లెట్ మ్యాజిక్’ పేరుతో వస్తున్న ఈ బిస్కెట్లు హైదరాబాద్ నుంచి లండన్ దాకా వెళ్తున్నాయని 2025 జూన్ 29న ప్రధాని ‘మన్ కీ బాత్’లో చెప్పారు. ఒకప్పుడు పొలాల్లో రోజు కూలికి వెళ్లిన మహిళలే వీటిని తయారు చేస్తున్నారు.

గదిలో అడుగు పెట్టగానే వేగిన పిండి వాసన తగిలింది. తలకు టోపీలు పెట్టుకున్న అక్కలు ఎవరి పనిలో వాళ్లున్నారు. ఒకరు పిండి తూస్తున్నారు, ఒకరు కలుపుతున్నారు, ఇంకొకరు ఓవెన్ దగ్గర నిలబడి ట్రేల మీద చూపు తిప్పకుండా ఉన్నారు. చూడటానికి తేలికే, చేయడం మాత్రం కాదు. గోధుమ పిండిలో ఉండే జిగురు రాగిలో, జొన్నలో ఉండదు. ముద్ద సాగదు, అంచులు చిట్లుతాయి, కాలాక పొడైపోతుంది. అందుకే కొవ్వు ఎంత పడాలి, తీపి ఎంత పడాలి, బిళ్ల ఎంత మందం ఉండాలి అన్నది చేసి చూసి తేల్చుకోవాల్సిందే. సెగ కాస్త ఎక్కువైతే మాడు రుచి వస్తుంది. తడి మిగిలితే వానాకాలంలో మెత్తబడుతుంది. వేడి మీద ప్యాక్ చేస్తే లోపల చెమ్మ పడుతుంది. రొట్టె, జావ, సంకటి చేసిన చేతులకు ధాన్యం గుణం ముందే తెలుసు. కొత్తగా నేర్చుకోవాల్సింది కొలత, ఓవెన్, ప్యాకింగ్. వాటికి శిక్షణ తోడైంది.

బిస్కెట్లతో పాటు ‘గిరి’ పేరుతో శానిటరీ ప్యాడ్లు కూడా తయారు చేస్తున్నారు. తడి పీల్చే పొర, దాని మీద మెత్తటి గుడ్డలాంటి పొర, అడుగున తడి దిగనివ్వని పొర పేర్చి, అంచులు అతికించి, శుభ్రపరిచి ప్యాక్ చేస్తారు. మూడు నెలల్లో 40,000 ప్యాడ్లు చేసి చుట్టుపక్కల బడులకు, ఆఫీసులకు చాలా తక్కువ ధరకు ఇచ్చారు. ప్యాడ్ల మీద జీఎస్టీ 2018 జులైలోనే పోయింది. అయినా దుకాణమే దూరమైన అడవి పల్లెలో ఆడపిల్లకు ప్యాడ్ అందాలంటే దగ్గరలో చేసేవాళ్లు ఉండాలి.

ఈ మహిళలు పనిచేసేది సంఘాలుగా కలిసి. ఆ సంఘాల విలువ తెలియాలంటే 2020 వేసవిని గుర్తు చేసుకోవాలి. మార్చి, ఏప్రిల్ నెలలు ఇప్పపువ్వు రాలే కాలం. తెల్లవారకముందే అడవికి వెళ్లి ఏరి, ఎండబెట్టి, సంతలో అమ్ముకుంటే ఇంటికి నాలుగు డబ్బులు. సరిగ్గా అప్పుడే కరోనా లాక్‌డౌన్ వచ్చింది. సంతలు ఆగాయి. ఏప్రిల్ 2న శ్రీరామనవమి కల్యాణం భక్తులు లేకుండానే జరిగింది. యాత్రికుల మీద బతికే చిన్న దుకాణాలు మూతపడ్డాయి. కేంద్రం మే 1న 49 రకాల అటవీ ఉత్పత్తులకు మద్దతు ధర పెంచింది. మంచి నిర్ణయమే. కానీ ధర ఎంతున్నా కొనేవాడు ఊళ్లోకి రావాలి కదా! ఎండిన పువ్వు తొలకరి చెమ్మకు నల్లబడుతుంది. దాన్ని ఇంట్లో పెట్టుకున్న మనిషికి బేరమాడే బలం ఉండదు. 2022 జులైలో గోదావరి ఇక్కడ 71.3 అడుగులకు చేరినప్పుడు దారులే మునిగాయి. రెండు కష్టాల్లోనూ ఎక్కువ నష్టపోయింది ముడి సరుకు పట్టుకుని ఒంటరిగా నిలబడ్డవాళ్లే.

ఈ బిస్కెట్, ప్యాడ్ల యూనిట్లు ఆ వేసవి తర్వాత కొన్నేళ్లకు వచ్చినవి. అయినా ఆ కష్టానికి నాకు కనబడిన సరైన జవాబు ఇదే. ముడి ధాన్యాన్ని నిలవుండే సరుకుగా మారిస్తే అమ్మేవాళ్లకు ఆగే ఓపిక వస్తుంది. ఆ మార్పు ఒక్కరి వల్ల కాదు. ఓవెన్ ఒక్క ఇంటి సంపాదనతో రాదు. ఉమ్మడి పూచీ సంఘాల్లో నలుగురి నుంచి పదిమంది దాకా కలిసి అప్పు తీసుకుంటారు. ఒకరు కట్టలేకపోతే మిగతావాళ్లు బాధ్యత పడతారు. సభ్యుల్లో ఒకరికి జ్వరమొచ్చినా ఆర్డరు ఆగదు. పిండి ఒక్కచోట కొంటే ధర తగ్గుతుంది. సంఘానికో సరుకు చొప్పున పంచుకుని అందరూ కలిసి ఒకే కొనుగోలుదారు దగ్గరికి వెళ్తే, వాళ్ల మాటకు బరువొస్తుంది. కొత్త సరుకు కనిపెట్టడానికి పెద్ద ప్రయోగశాల కావాలనుకుంటాం. ఇక్కడ కావాల్సింది పాడైన మొదటి ట్రేల నష్టాన్ని కలిసి భరించే మనుషులు.

ఒక్క సంగతి మాత్రం మరువకూడదు. పత్తి, మిర్చి పెరిగిన కొద్దీ ఏజెన్సీ చేలల్లో చిరుధాన్యాలకు చోటు తగ్గింది. బిస్కెట్టు భద్రాద్రిదై, అందులోని రాగి ఎక్కడిదో అయితే లాభం సగమే. చర్ల, దుమ్ముగూడెం రైతుల దగ్గరే ధాన్యం కొనే ఏర్పాటు ఉండాలి. అప్పుడే పొలం నుంచి ప్యాకెట్ దాకా డబ్బు ఈ అడవి అంచునే తిరుగుతుంది.

ప్రధాని ప్రశంస వచ్చింది, సంతోషం. ఇక రావాల్సింది నెలనెలా తప్పని ఆర్డరు. ఆశ్రమ పాఠశాలలు, గురుకులాలు, అంగన్‌వాడీలు ఈ బిస్కెట్లనూ ప్యాడ్లనూ ముందుగా కొంటే, మరో లాక్‌డౌన్ వచ్చినా మరో వరద వచ్చినా ఈ పొయ్యి ఆరదు. భద్రాచలం వచ్చే మీరు స్వామి ప్రసాదంతో పాటు ఈ అక్కలు చేసిన ఒక ప్యాకెట్ కూడా కొనండి. జాలితో కాదు, రుచి చూసి కొనండి.