కాపీ కొట్టిన రికార్డూ, మామ జీపూ

కొంచెం పెద్ద పోస్టు, ఓపికగా చదవండి.

మాది పాడేరు దగ్గర ఒక గూడెం. మా ఇంట్లో కాలేజీకి వచ్చింది నేనే మొదట. ఇప్పుడు ఇంజనీరింగ్ రెండో ఏడు. సంక్రాంతి సెలవులకి వెళ్తే మామ జీపు ఆగిపోయి ఉంది. సంతలకి జనాన్ని తిప్పే బండి, దాని మీదే వాళ్ళ ఇల్లు నడుస్తుంది. టెంపరేచర్ ముల్లు ఎర్రలోకి పోతోందట. టౌన్‌లో మెకానిక్ "హెడ్ గ్యాస్కెట్ పోయింది, ఇంజిన్ విప్పాలి, ఇరవై వేలు అవుద్ది" అన్నాడట. మామ కాఫీ గింజల డబ్బు తీసి పెట్టాడు. పాప ఫీజు కూడా అందులోదే.

"ఏరా అల్లుడూ, ఇంజనీరింగే కదా, ఓసారి చూడు" అన్నాడు. నాకు చెమటలు పట్టాయి. ఫస్టియర్ ల్యాబ్‌లో థర్మిస్టర్ ప్రయోగం రీడింగులన్నీ సీనియర్ రికార్డు చూసి ఎక్కించినవే.

తెల్లారి చలిలో బండి దగ్గరకెళ్ళాం. ఇంజిన్ చల్లగా ఉంది కాబట్టి రేడియేటర్ మూత తీశాను, నీళ్ళు నిండుగా ఉన్నాయి. (వేడి మీద ఆ మూత తీయకండి, మొహం కాలిపోద్ది.) తాళం తిప్పగానే, స్టార్ట్ చేయకముందే, ముల్లు ఎర్రలోకి పోయింది. రాత్రంతా ఆగిన ఇంజిన్‌కి అంత వేడి ఎక్కడిది? సెన్సార్ ప్లగ్ పీకాను. ముల్లు కిందకి దిగిపోయింది. అంటే వైరు బాగానే ఉంది, తేడా సెన్సార్‌లోనే.

అందులో ఉండేదీ థర్మిస్టరే. చల్లగా ఉంటే రెసిస్టెన్స్ వేల ఓముల్లో ఉండాలి, వేడెక్కేకొద్దీ వందల్లోకి పడాలి. మల్టీమీటర్ పెడితే ఆ చలిలో 110 చూపించింది.

కొత్తది ఆరొందలు. షాపులోనే మీటరు పెట్టా, 2,300. పక్క టీకొట్టులో వేడినీళ్ళు అడిగి ముంచితే 300కి దిగింది. అప్పుడే కొన్నాం.

బిగించాక ఖాళీ బండితో ఘాట్ ఎక్కాం. గ్యాస్కెట్ నిజంగానే పోయుంటే? దారంతా నా కళ్ళు ముల్లు మీదే. అది మధ్యలోనే నిలబడింది. మామ ఏమీ అనలేదు, పైన ఆపి టీ ఇప్పించాడు.

హాస్టల్‌కి వచ్చాక సార్‌ని అడిగి ఆ ప్రయోగం మళ్ళీ చేశాను. గ్రాఫ్ కొంచెం వంకరగా వచ్చింది, కానీ రీడింగులు నావే.

తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, ఒక్క మాట. నడుస్తున్న బండిలో ముల్లు ఎర్రలోకి వస్తే సెన్సారేలే అనుకోకండి, ముందు ఆపండి. చల్లారాక కొలవండి. మీటరు పట్టుకోవడం రాకపోతే సిగ్గుపడకుండా అడగండి, నాకూ మొన్నటిదాకా రాదు.