కిరాయిదారు ఓటు

2020 డిసెంబర్ 1న హైదరాబాద్ బల్దియా ఎన్నికలు. నూటికి 46 మందే ఓటేశారు. "కరోనా ఖౌఫ్ భాయ్, జనం గడప దాటలే" అని మా మొహల్లాలో ఓ చాచా ఫైసలా చెప్పేశాడు. నాకు యకీన్ కుదరలేదు. 2016లో ఏ బీమారీ లేదు, అప్పుడూ 45 శాతమే! బల్దియాకి నెల ముందు బిహార్ అదే కరోనాలో మూడు విడతలుగా ఓటేసింది. 57 శాతం. 2015 కంటే రవ్వంత ఎక్కువే.

ఆ ఎన్నికలకి కాయిదాలు మార్చారు. బూత్‌కి 1500 బదులు వెయ్యిమందే. కోవిడ్ మరీజ్‌లకి ఆఖరి గంట. ఎనభై దాటిన బుజుర్గులకి పోస్టల్ బ్యాలట్. మొదట అరవై అయిదు దాటితే చాలన్నారు, సిబ్బంది చాలరని జులైలో వెనక్కి తగ్గారు.

ఇక్కడ బూత్‌లో మాస్కు దించి మొహం చూపించమన్నారు. నఖాబ్ వేసుకునే మా ఆడవాళ్ళకి ఇది పాత తజుర్బా. ఆ ఒక్క సాల్ మర్దులకీ అర్థమైందని మా ఖాలా ఒకటే నవ్వు.

మా ఎదురింటి దర్జీ మాత్రం ఓటెయ్యలేదు. లాక్‌డౌన్‌లో కుట్టుపని బంద్. కిరాయి కట్టలేక తాలాబ్‌కట్టా వదిలి షాహీన్ నగర్ వెళ్ళిపోయాడు. అప్పట్లో అది బల్దియా హద్దు బయట. పాత లిస్టులో పేరు చూస్తే గాయబ్. అప్పట్లో కొత్త చోట ఫారం ఆరు నింపాల్సి ఉండేది, చిరునామాకి సబూత్ పెట్టాల్సి ఉండేది. మకాన్‌మాలిక్ కిరాయినామా రాసివ్వడు. రాసిస్తే ట్యాక్స్ మీద పడుతుందని అతని డర్. ఇందులో కరోనా చేసింది ఇల్లు మార్పించడం వరకే. మిగతాదంతా కాయిదా పని.

మా గల్లీలో గాజుల కార్ఖానా బిహారీ కుర్రాడిది దీనికి ఉల్టా. ఏళ్ళ తరబడి ఇక్కడే ఉన్నా అతని ఓటు గయా దగ్గర ఊళ్ళో. లాక్‌డౌన్‌లో ఇంటికి చేరాడు కాబట్టి ఆ ఏడే మొదటిసారి ఓటేశాడు. వేలి మీద సియాహీ ఫోటో పంపించాడు. లక్షల కూలీల ఓట్లు ఇలా రైలు టికెట్టుకి ముడిపడి ఉన్నాయి. 2023 జనవరిలో ఎన్నికల కమిషన్, ఉన్న చోటి నుంచే సొంతూరి ఓటు వేసే మెషీన్ ఒకటి పార్టీలకి చూపించాలనుకుంది. చాలా ప్రతిపక్ష పార్టీలకి దాని మీద భరోసా లేదు. అది అక్కడే ఆగింది.

దర్జీ మొన్న మళ్ళీ ఇల్లు మారాడు.